జీపు వెనక లైటు ఎందుకు చిన్నబోయింది?

విజయవాడ,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవులు అమ్ములుకు, చంటికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి సీతానగరం ఘాట్‌లో దీపాలు వదిలి తిరిగి వస్తున్నప్పుడు మీ ఇద్దరూ నాన్న స్కూటరు మీద నా జీపు వెనకాలే వచ్చారు కదా. ఇంటికి రాగానే అమ్ములు అడిగింది: "తాతయ్యా, నువ్వు బ్రేకు నొక్కినప్పుడల్లా ఎడమ లైటు బాగా వెలుగుతోంది, కుడి లైటు చిన్నబోతోంది. దాని పక్కన ఇండికేటరేమో సన్నగా వెలుగుతోంది. ఎందుకు?" అని. అప్పటికే చంటి నిద్రమత్తులో ఉన్నాడు, నాకూ జవాబు తెలియలేదు. పొద్దున మీరు గుంటూరు బస్సెక్కాక జీపు కింద దూరి చూశాను. జవాబు దొరికింది.

బ్యాటరీ నుంచి లైటుకి వైరు వెళ్తుందని మీకు తెలుసు. కానీ కరెంటు లైటు దాకా వెళ్ళి ఆగిపోదమ్మా, మళ్ళీ బ్యాటరీకి తిరిగి రావాలి. వచ్చే దారి లేకపోతే అసలు బయలుదేరదు. జీపుల్లో ఆ తిరుగు దారికి వేరే వైరు వేయరు, బండి ఇనుప ఒళ్ళునే వాడుకుంటారు. ఆటోనగర్‌లో మెకానిక్కులు దాన్ని బాడీ ఎర్త్ అంటారు.

ఇది అర్థం కావాలంటే మన పొలం తలుచుకోండి. కంకిపాడు దగ్గర మా నాన్నగారికి మూడెకరాల మాగాణి ఉండేది. పొలానికి ఒక పక్క కాలువ, రెండో పక్క మురుగు కాలువ. ఒకటి నీళ్ళు తెస్తుంది, ఇంకొకటి తీసుకుపోతుంది. నా చిన్నప్పుడు వేసవిలో కాలువ పూడిక తీస్తున్నారంటే ఊరంతా గట్టు మీదే ఉండేది. మురుగు కాలువ వైపు మాత్రం ఎవరూ తిరిగి చూసేవారు కాదు. అందులో గుర్రపుడెక్క పెరిగి ఆకుపచ్చ తివాచీలా ఉండేది. మేము పిల్లలం ఆ ఊదా పూలు కోసుకుని ఆడుకునేవాళ్ళం. ఒక ఏడాది కార్తీకంలో తుఫాను వాన పడింది. మా పొలంలో నీళ్ళు పోయే దారి లేక గట్టు పొర్లి పక్కవాళ్ళ చేలో పడ్డాయి. కోతకొచ్చిన వరి రెండు చేలలోనూ పడిపోయింది. ఆ రాత్రి మా నాన్నగారు అన్నం తినలేదు. "నీళ్ళు రావాలని అందరం మొక్కుకుంటాంరా, పోయే దారి గురించి ఎవరం అడగం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీరు కూడా ఏ పనిలోనైనా ఎవరూ చూడని ఆ రెండో పక్కను ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు జీపు దగ్గరికి వద్దాం. కుడి వెనక లైటు డబ్బాని ఒళ్ళుకి బిగించే బోల్టు తుప్పు పట్టింది. అంటే మురుగు కాలువ మూసుకుపోయింది. ఆ డబ్బాలో మూడు చేలు ఉన్నాయనుకోండి: వెనక లైటు, బ్రేకు లైటు, ఇండికేటరు. మొదటి రెండూ ఒకే బల్బులో రెండు తీగలు. ఒకటి 5 వాట్లు, రెండోది 21 వాట్లు. వెనక లైటు ఒక్కటే వేసినప్పుడు దాని కరెంటు గట్టు పొర్లి పక్కనున్న బ్రేకు తీగలోకి వెళ్ళి, బ్రేకు వైరులో ఎదురు నడిచి, ఎడమ వైపు బ్రేకు లైటు గుండా ఎర్త్ చేరుకునేది. 5 వాట్ల చిన్న ధారకి ఆ 21 వాట్ల దారి విశాలమే కాబట్టి వెనక లైటు దాదాపు మామూలుగానే వెలిగింది. అందుకే ఇన్నాళ్ళూ నా కంట పడలేదు.

నేను బ్రేకు నొక్కగానే ఏమైందంటే, బ్రేకు వైరులోకీ బ్యాటరీ నుంచి కరెంటు వచ్చింది. రెండు కాలువల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి వచ్చాక ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారవు కదా. ఇక మిగిలింది ఇండికేటరు. కరెంటు దాని తీగ గుండా వెనక్కి నడిచి, ముందున్న ఇండికేటరు దాకా పోయి, అక్కడ ఎర్త్ పట్టుకుంది. ఇన్ని ఇరుకు సందులు దాటేసరికి ఎవరికీ చాలినంత కరెంటు దక్కలేదు. మూడూ నిప్పుకణికల్లా ఎర్రబడి ఊరుకున్నాయి. అమ్ములు చూసింది సరిగ్గా అదే. వెనక వచ్చేవాడికి నేను ఆగుతున్నానో తిరుగుతున్నానో తెలియకుండా ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో తిరిగానే అని మనసు చివుక్కుమంది.

బాగుచేయడానికి పావుగంట పట్టింది. బోల్టు ఊడదీసి, దాని కింద రంగు, తుప్పు పోయేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, ఇనుము మెరిశాక బిగించి, పైన కాస్త వాజలైన్ రాశాను. ఇంకోసారి ఇలా కాకుండా లైటు డబ్బా నుంచి నేరుగా ఛాసిస్‌కి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, ఒక నల్ల వైరు కూడా వేశాను.

పాత మిలిటరీ బండిలో లైట్ల గొడవలన్నీ ఇలాంటివే. మన జీపు 1944 నాటి విల్లీస్. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి అలాంటివి 6 లక్షలకు పైగా చేశాయి. ఇది పుట్టినప్పుడు 6 వోల్టుల బండి, ఇండికేటర్లే లేవు. నా చేతికి వచ్చాక 12 వోల్టులకు మార్పించి, ఇండికేటర్లు పెట్టించాను. (దీనికి ఆకుపచ్చ రంగు ఎందుకు వేయవని చంటి అడుగుతుంటాడు. మన దేశంలో ఆ ఆలివ్ గ్రీన్ సైన్యం బండ్లకే. మనం వేయకూడదు నాన్నా.) వోల్టులు పెరగడమంటే పైన ట్యాంకు ఎత్తు పెరగడం లాంటిది. ఆంపియర్లంటే పారే కరెంటు కొలత. 6 వోల్టుల మీద 30 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తాగుతుంది. అదే 5 ఆంపియర్లతో 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు వెలుగుతుంది. అయినా రెండు హెడ్‌లైట్లకు కలిపి 10 ఆంపియర్లు. అంత బరువు ఆ పాత స్విచ్చి మీద వేయకుండా మధ్యలో రిలే పెట్టించాను. స్విచ్చి రిలేకి చెబుతుంది, మోసే పని రిలే చేస్తుంది.

ఒక తప్పు మాత్రం చేశాను. రెండేళ్ళ క్రితం ఆ పాత హెడ్‌లైట్ గిన్నెల్లోనే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాను. రోడ్డంతా పాలు పోసినట్టు కనిపించింది, ఎంతో సంతోషపడ్డాను. ఒక రాత్రి కరకట్ట మీద ఎదురుగా సైకిలు మీద వస్తున్న ముసలాయన ఒక్కసారిగా దిగిపోయి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. పక్కనే కట్ట వాలు. ఆయన దిగకుండా ఉంటే అన్న తలంపుకే నాకు చేతులు వణికాయి. ఆ గిన్నె వంపు సరిగ్గా ఒక చోట ఉన్న సన్నని తీగ కోసం చేసింది. వెలుగు పుట్టే చోటు, ఆకారం మారితే గిన్నె దాన్ని కిందికి కాకుండా అన్ని వైపులా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి విసురుతుంది. మర్నాడే తీసేసి 60/55 వాట్ల (దూరపు వెలుగుకి 60, దగ్గరి వెలుగుకి 55) హాలోజన్ బల్బులు పెట్టించి, గోడ మీద గీత గీసి కాంతి ఎత్తు సరిచేయించాను. మన వెలుగు మనకెంత కావాలో, ఎదుటివాడి చూపు కూడా మనకంతే ముఖ్యం.

ఈ జీపులో నాకు ఇష్టమైనవి రెండున్నాయి. హెడ్‌లైటు వెనక ఒక చెవుల మర ఉంటుంది. దాన్ని వదులు చేస్తే హెడ్‌లైటు కీలు మీద వెనక్కి తిరిగి ఇంజన్ మీద వెలుగు పడుతుంది. చీకట్లో ఇంజన్ బాగుచేసే సిపాయి కోసం ఎవరో ఎంత ఆలోచించారో చూడండి!

రెండోది, వెనక ఉన్న పిల్లి కళ్ళు. యుద్ధంలో రాత్రి లైట్లు కనిపిస్తే పైనుంచి విమానాలు బాంబులు వేస్తాయి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు వేశాయి కూడా. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, నేను విశాఖలో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. కిటికీలకు నల్ల కాగితాలు అంటించి, ఒక్క లాంతరు చుట్టూ అందరం ముడుచుకుని కూర్చున్న రాత్రులు నాకింకా గుర్తే. అలాంటి చీకట్లో బండి వెనక బండి వరసగా ఎలా పోవాలి? అందుకని వెనక లైట్లకు సన్నని చీలికలు పెట్టారు. దగ్గరికి, అంటే 18 మీటర్ల లోపు వస్తే నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అక్కడి నుంచి 54 మీటర్ల దాకా రెండే. ఇంకా దూరమైతే ఒక్కటే. డ్రైవరు రెండు చుక్కలు కనిపించేలా పోతే చాలు, ముందు బండికి గుద్దుకోడు, దారీ తప్పడు. కొలబద్ద లేదు, టార్చి లేదు, అతని కన్నే కొలబద్ద.

నాలుగు రెండెలా అవుతాయి, రెండు ఒకటెలా అవుతాయి అంటే, మన కంటి గురించి చాలా చెప్పాలి. నేను చెప్పను. నిన్న మీరిద్దరూ అరటి దొప్పల్లో రెండు దీపాలు పక్కపక్కనే కృష్ణలో వదిలారు గుర్తుందా? చూస్తుండగానే అవి ఒక్క దీపమైపోతే, చంటి తనది మునిగిపోయిందని ఏడుపు ముఖం పెట్టాడు. అది మునగలేదు నాన్నా.

వచ్చే ఆదివారం వచ్చినప్పుడు చీకటి పడ్డాక నాన్న చెయ్యి పట్టుకుని ప్రకాశం బ్యారేజీ నడకదారి మీదికి రండి. ఆ చివరి నుంచి వచ్చే కారుని చూడండి. మొదట ఒకే చుక్క ఉంటుంది. అది ఎన్నో గేటు దగ్గర రెండుగా విడిపోయిందో లెక్కపెట్టి నాకు చెప్పండి. మొత్తం 70 గేట్లున్నాయి.

మీ తాతయ్య.