రొయ్యల చెరువు ఉండిలో, కొలత బ్రస్సెల్స్‌లో

రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అవశేషం కిలోకు 0.15 మైక్రోగ్రాములకు చేరితే ఐరోపా సమాఖ్య ఆ సరుకును అనుమతించదు. 2022 నవంబరు 28కి ముందు ఈ హద్దు 0.3. నైట్రోఫ్యూరాన్లనే మరో రకం మందులకు 1 నుంచి 0.5కు దించారు. పది టన్నుల పట్టుబడి మొత్తానికి లెక్కేసినా క్లోరాంఫెనికాల్ హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాములే. మేతలో కలిపిన పేరులేని పొడి చాలు, కంటైనర్ తిరిగి రావడానికి. 2016లోనే మన చెరువు రొయ్యల తనిఖీని సమాఖ్య నూటికి 10 నుంచి 50 కంటైనర్లకు పెంచింది.

ఉండి, మొగల్తూరు రైతు ఓటేసి పంపినవాళ్లెవరూ ఈ అంకె దగ్గర లేరు. ఐరోపా ఓటరు కూడా దానికి దూరమే. ఐరోపా పార్లమెంటుకు 1979 నుంచి నేరుగా ఎన్నికలు జరుగుతున్నా, చట్టాన్ని ప్రతిపాదించే అధికారం దాదాపుగా సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్‌దే. ఈ హద్దు కూడా కమిషన్ నిబంధనగానే వచ్చింది. 'ప్రజాస్వామ్య లోటు' అని అక్కడివాళ్లే అంటారు.

మనవైపూ అంతే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై 1994 ఏప్రిల్ 15న ప్రభుత్వం సంతకం చేసింది. మన రాజ్యాంగం ప్రకారం ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు.

మరి మాట వినిపించే దారి ఏది? తాబేళ్ల కేసు చూడాలి. వలకు తాబేలు తప్పించుకునే అమరిక లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను అమెరికా ఆపింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరు 12న ఆ సంస్థ అప్పీలు మండలి తాబేళ్ల రక్షణను తప్పుపట్టలేదు, అమలు తీరును తప్పుపట్టింది: దరఖాస్తు చేసిన దేశం వాదన వినలేదు, కారణాలు రాసివ్వలేదు, పునఃపరిశీలనకు వీలివ్వలేదు. ఓటు లేనివాడికి కనీసం వినికిడి ఉండాలన్న సూత్రానికి ఇంతకంటే గట్టి ఆధారం వాణిజ్య చట్టంలో దొరకడం కష్టం.

ఆహార భద్రత నిబంధనలకు ఆ వినికిడి ఓ నోటీసు రూపంలో ఉంది. కొత్త హద్దు ముసాయిదాను వాణిజ్య సంస్థకు తెలపాలి. అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులు. రాసేది ఢిల్లీ, రైతు కాదు. కాబట్టి రైతు సంఘం ముందే ఎంపెడాకో (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ), ఈ నోటీసులపై ప్రశ్నలకు జవాబిచ్చే ఢిల్లీలోని విచారణ కేంద్రానికో పరీక్షల ఫలితాలతో సహా రాసివ్వాలి. 'ధర పడిపోతుంది' అంటే అక్కడ చెల్లదు, శాస్త్రీయ ఆధారం కావాలి. గడువు మొదలయ్యేది నోటీసు వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో వెలువడిన రోజున, కబురు భీమవరం చేరిన రోజున కాదు.