పౌలా ర్యాడ్‌క్లిఫ్: ఇంజన్ అదే, పెరిగింది మైలేజీ

కరకట్ట మీద పొద్దున్నే పరిగెత్తే మా బెజవాడ బ్యాచ్‌లో ఈ మధ్య ఒకటే గోల, నీ వాచ్‌లో వీఓటూ మ్యాక్స్ ఎంత చూపిస్తోంది అని. ఒకాయనకైతే 44 నుంచి 43కి పడిందని ఇడ్లీ కూడా సహించలేదు. అలాంటోళ్లకి నేను పౌలా ర్యాడ్‌క్లిఫ్ సంగతి చెప్తా. ఆడవాళ్ల మారథాన్ రికార్డుని పదహారేళ్లు ఎవరికీ అందనివ్వని ఈ బ్రిటిష్ రన్నర్‌కి పద్దెనిమిదేళ్లప్పుడు ఆ నంబర్ ఎంతుందో, ఇరవై తొమ్మిదేళ్లకి రికార్డు కొట్టిన ఏడు కూడా ఇంచుమించు అంతే ఉంది!

వీఓటూ మ్యాక్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఊపిరి అందనంత గట్టిగా పరిగెత్తేటప్పుడు ఒంట్లో ఒక్కో కిలో బరువుకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలం అని లెక్క. పౌలాకి అది 70 చుట్టూ ఉండేది, అది మామూలు మనుషుల నంబర్ కాదులెండి, పైగా చిన్నప్పట్నుంచీ ఆస్తమా ఉన్న మనిషి. 1992లో బోస్టన్‌లో మంచులో జూనియర్ వరల్డ్ క్రాస్ కంట్రీ గెలిచింది. ఆ రోజుల నుంచే ఆండ్రూ జోన్స్ అనే ఫిజియాలజిస్ట్ ఆమెని ట్రెడ్‌మిల్ ఎక్కించి కొలుస్తూ వచ్చాడు, ఆ లెక్కలన్నీ 2006లో ఒక పేపర్‌గా వేశాడు. ఒక ఛాంపియన్ ఒంటిని పదేళ్లకి పైగా అలా వరసగా కొలిచిన రికార్డులు చాలా అరుదు, అందుకే ఆ పేపర్ అంటే నాకు అంత ఇష్టం.

ముందు రికార్డు ఎంతటిదో చూద్దాం. 2003 ఏప్రిల్ 13, లండన్ మారథాన్, 42 కిలోమీటర్ల పైచిల్లర దూరం, 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లు. అంటే కిలోమీటరు దాదాపు 3 నిమిషాల 13 సెకన్లు, వంద మీటర్లు 19 సెకన్ల పైచిల్లర. మన ప్రకాశం బ్యారేజీ 1223 మీటర్లుంటుంది కదా, ఆ స్పీడులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నాలుగు నిమిషాలు కూడా పట్టదు. సరే అదెవరైనా కుర్రాడు చేస్తాడేమో, కానీ ఆగకుండా అలాగే ముప్ఫై నాలుగున్నర సార్లు దాటాలి మరి.

ఇక అసలు కథ. ఇంజన్, అంటే ఆ వీఓటూ మ్యాక్స్, పెరగలేదు, మరి స్పీడు ఎక్కణ్ణుంచి వచ్చింది? బైక్ కొనేటప్పుడు సీసీ అడిగాక మనం రెండో ప్రశ్న మైలేజీ ఎంతిస్తుంది అని అడుగుతాం చూడండి, అదే ఇక్కడా. గంటకి 16 కిలోమీటర్ల స్పీడులో ఒక కిలోమీటరు పరిగెత్తడానికి పౌలాకి 1992లో కిలో బరువుకి 205 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చయ్యేది, 2003కి అది 175కి దిగింది. ఆవిడ బరువు సుమారు 54 కిలోలు అనుకుంటే కిలోమీటరుకి లీటరున్నర పైనే ఆదా అన్నమాట. దీన్నే రన్నింగ్ ఎకానమీ అంటారు, వాచ్‌లో నంబర్ చూసుకుని ఏడ్చేవాళ్లెవరూ దీని ఊసే ఎత్తరు.

ఎలా తగ్గిందో కచ్చితంగా ఒక్క కారణం చెప్పలేం గానీ, అదే పేపర్‌లో రెండు కొలతలు ఉన్నాయి, చదివితే సరదాగా ఉంటాయి. నిలబడి పైకి ఎగిరే జంప్ 29 సెంటీమీటర్ల నుంచి 38కి పెరిగింది, కూర్చుని కాళ్లు చాపి చేత్తో వేళ్లు అందుకునే టెస్టులో మాత్రం ఆవిడ ఇదివరకటికంటే వెనకబడింది, అంటే ఒళ్లు బిగుసుకుంది! మడమ వెనకుండే అకిలిస్ టెండన్ అడుగు పడ్డప్పుడు సాగి ఆ శక్తిని పట్టుకుని మళ్లీ వెనక్కిస్తుంది, అది కాస్త బిగువుగా ఉంటే కండరం పని తగ్గుతుంది, ఆవిడ విషయంలోనూ అదే జరిగి ఉండొచ్చని జోన్స్ ఊహ. యోగా మాస్టార్లు నన్ను కోప్పడొద్దు. దానికితోడు ఏళ్ల తరబడి పడ్డ కిలోమీటర్లు, మంచి ఊపులో ఉన్నప్పుడు వారానికి 200 దాటించేది, ఫ్రాన్స్‌లో ఫాంట్ రోమ్యూ కొండల మీద ట్రైనింగ్. చూడ్డానికి మాత్రం ఆ పరుగు అందంగా ఉండదు, తల అటూ ఇటూ ఊగిపోతూ ఉంటుంది, స్టైల్ బాలేదు స్టైల్ బాలేదు అన్నవాళ్లు బోలెడుమంది. ట్రెడ్‌మిల్ లెక్కకి అందంతో పనిలేదు కదా.

2019లో చికాగోలో కెన్యా రన్నర్ బ్రిజిడ్ కోస్గీ 2:14:04తో ఈ రికార్డు దాటింది, కాలికి కార్బన్ ప్లేటున్న షూలతో. ఆ రకం షూల మీద 2017లో కొలరాడోలో చేసిన స్టడీలో సగటున 4 శాతం శక్తి ఆదా అని తేలింది. కోస్గీ గొప్పదనం తగ్గించడానికి కాదు ఈ మాట, పౌలా ఒంట్లోంచి ఏళ్లకేళ్లు పట్టి తెచ్చుకున్న మైలేజీలో కొంత ఇప్పుడు షాపులో డబ్బాలో దొరుకుతోంది అంటున్నా అంతే.

మైలేజీ ఎంతున్నా ఎండ దగ్గర మాత్రం లెక్క మారిపోతుంది, ఇది బెజవాడ వాళ్లకి ఒకరు చెప్పాలా. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, ఆగస్టు 22, సాయంత్రం ఆరింటికి రేసు, 35 డిగ్రీల వేడి. (మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర 35 ఉంటే మనం చల్లగా ఉందిరా అంటాం, అది వేరే సంగతి.) 36 కిలోమీటర్ల దగ్గర పౌలా ఆగిపోయి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చేసింది. కాలి నొప్పికి వాడిన మందులు పొట్టని పాడు చేశాయి, తిన్నది ఒంటికి పట్టలేదు అని తర్వాత చెప్పింది. దానికి వేడి తోడైంది. పరిగెత్తేటప్పుడు మనం కాల్చే శక్తిలో ముప్పావు వంతు వేడిగానే పోతుంది, ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు వెళ్లాలి, కాళ్లకీ అదే రక్తం కావాలి, ఉన్నదే ఐదు లీటర్ల లోపు. చెమట కారితే సరిపోదు, ఆవిరవ్వాలి, మనకి వానలు వెలిసాక ఉక్కలో బొటబొటా కారి నేలపాలయ్యే చెమట ఒంటిని చల్లబరచదు. ఆ రోజు గెలిచింది జపాన్ అమ్మాయి మిజుకి నొగుచి, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 40 కిలోల దరిదాపు. పౌలా 173. చిన్న ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, ఉన్న బరువుకి చర్మం వాటా ఎక్కువ. లండన్ చలిలో ఈ తేడా ఎవరికీ కనబడలేదు.

అదే ఏడు నవంబర్‌లో పౌలా న్యూయార్క్ మారథాన్ గెలిచింది, 2005లో హెల్సింకీలో వరల్డ్ ఛాంపియన్ అయ్యింది, 2007 జనవరిలో బిడ్డ పుట్టి నవంబర్ వచ్చేసరికి మళ్లీ న్యూయార్క్ గెలిచింది. ఒలింపిక్ మెడల్ మాత్రం ఒక్కటీ లేదు. తర్వాత పాదం పాడైంది, 2012లో ఆపరేషన్, 2015లో నలభై ఒకటో ఏట చివరి లండన్ మారథాన్ 2:36:55.

అదే ఏడు ఆగస్టులో బీజింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మన ఓ.పి. జైషా 2:34:43 పరిగెత్తి ఇండియా రికార్డు పెట్టింది, కేరళ అమ్మాయి. పౌలా లెక్కలన్నీ చల్లటి దేశంలో ల్యాబ్‌లో కొలిచినవి. మన ఉక్కలో పెరిగిన అమ్మాయిని పద్దెనిమిదో ఏట నుంచి అలాగే ఏడాదేడాదికీ కొలిస్తే ఆ 205 ఎక్కడికి దిగుతుంది, ఎంత ఎండలో మళ్లీ పైకెక్కుతుంది, ఆ పేపర్ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది నాకు.