నిమ్మ గుంతలో తెల్లపొడి

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మొన్న మీరు ఊరికి వచ్చినప్పుడు మీ బాబాయి నిమ్మ మొక్కలు నాటుతూ, గుంతలో పశువుల ఎరువుతో పాటు ఏదో తెల్లపొడి కలిపాడనీ, వాన పడిన మరునాడు బుజ్జి అక్కడి మన్ను కెలికితే చేతికి జారుడుగా, తేటగా ఉన్న ముద్దలు తగిలాయనీ రాశారు. అంత నీరు ఆ పొడిలోకి ఎలా వెళ్లింది, వెళ్లిన నీరు మొక్కకు ఎలా అందుతుంది అని అడిగారు. ఈ రెండో ప్రశ్న నాకు మరీ నచ్చింది. పెద్దవాళ్లు చాలామంది మొదటిదాని దగ్గరే ఆశ్చర్యపోయి ఆగిపోతారు.

ఆ పొడిని హైడ్రోజెల్ అంటారు, నీటిని పీల్చుకొని ముద్దగా పట్టి ఉంచే పదార్థం. రోహిణి కార్తెలో మీ నానమ్మ నానబెట్టే సబ్జా గింజలను తలచుకోండి. నీళ్లలో వేసిన కాసేపటికే నల్లని గింజ చుట్టూ తెల్లని జిగురు పొర ఉబ్బుతుంది. గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే, ఆ జిగురు నీళ్లలో కలిసిపోకుండా ఏ గింజది ఆ గింజకే అంటుకొని ఉండడం కనిపిస్తుంది. ఆ జిగురు నిండా కంటికి కనిపించని సన్నని పోగులు ఉంటాయి. వాటికి నీళ్లంటే ప్రాణం. వదిలితే నీళ్లలోకి పరుగెత్తి కరిగిపోతాయి. కాని వాటి మొదళ్లు గింజ తోలుకు అతుక్కొని ఉన్నాయి కాబట్టి వెళ్లలేవు. అవి నీటి దగ్గరకు పోలేవు గనుక నీరే వాటి మధ్యకు వచ్చి చేరుతుంది.

బాబాయి వేసిన పొడి రేణువులోనూ జరిగేది ఇదే. దీనిలో నడిమి గింజ ఉండదు. పోగులే అక్కడక్కడ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ముడులు మరీ తక్కువైతే నీరు తగలగానే రేణువు జావ అయిపోతుంది, మరీ ఎక్కువైతే బిగుసుకుపోయి ఉబ్బదు. తయారుచేసేవారి నేర్పంతా ఆ ముడులను లెక్కగా వేయడంలోనే ఉంది. సబ్జా గింజకు ఆ లెక్క ఎవరు నేర్పారో నాకు తలచినప్పుడల్లా వింతగానే ఉంటుంది.

ఇక తయారీ సంగతి. ఇది ఇంట్లో చేసే పని కాదు. ముక్కుకు ఘాటుగా తగిలి, ఒంటిమీద పడితే కాల్చే ఆక్రిలిక్ ఆమ్లంతో మొదలవుతుంది. దానిని చల్లబరుస్తూ, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపిన నీటితో దాని ఆమ్లగుణాన్ని చాలావరకు శాంతింపజేస్తారు. పసిపిల్లల డైపర్లలో వాడే రకానికి సోడియం సరిపోతుంది గాని, సోడియం మన్నుకు మంచిది కాదు కాబట్టి పొలానికి పొటాషియం రకాన్నే ఎంచుకుంటారు. తరువాత ముడులు వేసే రసాయనాన్ని అతి స్వల్పంగా, ఆమ్లపు అణువులను పొడుగాటి పోగులుగా కలిపే పని మొదలుపెట్టించే పొటాషియం పర్‌సల్ఫేట్‌ను చిటికెడంతగా చేర్చి, అడ్డుపడే ఆక్సిజన్ పోయేలా నత్రజని వాయువును పంపుతూ, 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అప్పటిదాకా నీళ్లలా పలుచగా ఉన్నది చూస్తూ ఉండగానే రబ్బరు ముద్దగా గట్టిపడుతుంది. దానిని ముక్కలుగా కోసి, ఎండబెట్టి, మరలో ఆడించి, జల్లెడ పడతారు. ముడిపడకుండా మిగిలిపోయిన రసాయనం పొడిలో ఉండిపోకుండా చూడడం మంచి తయారీదారు బాధ్యత.

మొదలంటా రసాయనాలతోనే చేస్తే ఆ పోగులు మన్నులో త్వరగా కుళ్లవు. అందుకే పంటల నుంచి వచ్చే పదార్థాన్ని వెన్నుగా పెట్టి, దాని మీద ఈ పోగులను అంటుకట్టే పద్ధతులు వచ్చాయి. అమెరికాలోని పియోరియా పట్టణంలో ఆ దేశపు వ్యవసాయ శాఖ ప్రయోగశాల 1970లలోనే మొక్కజొన్న పిండితో ఇలాంటి దానిని చేసింది. మన దేశంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మొక్కల పీచులో ఉండే సెల్యులోజ్‌తో చేసినదే పూసా హైడ్రోజెల్. అది తన బరువుకు 350 రెట్లకు పైగా శుద్ధమైన నీటిని పట్టుకోగలదు. పొలానికి ఎకరాకు 1 నుంచి 2 కిలోలు చాలంటారు. మీరు కంచంలో పక్కకు నెట్టేసే గోరుచిక్కుడు ఉన్నదే, దాని ఎండు గింజల నుంచి తీసే బంకతో కూడా ఇటువంటివి చేస్తున్నారు. అందుచేత ఇకమీదట గోరుచిక్కుడు కూరను కొంచెం మర్యాదగా చూడండి.

నా చిన్నతనంలో ఉదయగిరి వైపు మన మెట్ట పొలాలకు బోర్లు లేవు. కపిల తోలే బావి ఒక్కటే ఉండేది, వేసవిలో దాని అడుగు కనిపించేది. మా నాన్న ప్రతి లేత మొక్క పక్కన ఒక మట్టికుండను మెడ దాకా పూడ్చి, అడుగున చిన్న బెజ్జం చేసి, అందులో పాతగుడ్డ వత్తిని దూర్చేవారు. ఆ కుండలను కడవలతో నింపే పని పిల్లలది. కాళ్లు కాలుతున్నాయని పరుగెత్తితే సగం నీళ్లు దారిలోనే ఒలికేవి, నాన్న ఏమీ అనకుండా ఒలికిన తడి వైపు చూసేవారు. ఆ చూపుకే మాకు నడక నెమ్మదించేది. కుండ చుట్టూ జానెడు మేర మన్ను నల్లగా చెమ్మగిల్లి ఉండేది, చీమలు బారులు తీరి అక్కడికే వచ్చేవి. నీటిని వేరు దగ్గర, వేరుకు కావలసినంతసేపు నిలపాలన్నదే ఆయన పట్టుదల. ఈ పొడిని చూసి ఉంటే ఎంతో సంతోషించేవారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఉబ్బిన ముద్దను గుప్పిట్లో పిండి చూడండి, నీరు దాదాపు రాదు. మరి దారం కంటె సన్నని వేరు దానిని ఎలా తాగుతుంది? ఆకుల మీద ఎండ తగిలి నీరు ఆవిరైనప్పుడు పుట్టే లాగుడు కాండం గుండా వేరు కొన దాకా దిగుతుంది. మన పిడికిలికి లొంగని ముద్ద ఆ లాగుడుకు లొంగి, తాను పట్టుకున్న దానిలో చాలా భాగాన్ని విడిచిపెడుతుంది. మళ్లీ వాన పడితే మళ్లీ నింపుకుంటుంది. ఈసారి వచ్చినప్పుడు బాబాయిని అడిగి, ఒక మొక్క పక్కన జాగ్రత్తగా తవ్వి చూడండి. కొన్ని ముద్దల్లోకి తెల్లని పిల్లవేళ్లు నేరుగా దూరి ఉంటాయి. దానికి నేను చెప్పగల వివరణ కంటె, మీరు కళ్లారా చూడడమే మేలు.

అయితే ఒక మాట మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ పొడి నీటిని పుట్టించదు, వచ్చిన నీటిని నిలుపుతుంది, అంతే. వచ్చే నీరు ఎలాంటిదన్న దాని మీద దాని పనితనం ఆధారపడి ఉంటుంది. వందల రెట్లు అన్న లెక్క ఉప్పు లేని నీటికి చెప్పినది. 0.9 శాతం ఉప్పున్న నీటిలో వేస్తే, డైపర్లలో వాడే రకం 30 నుంచి 60 రెట్లకు పడిపోతుంది. బయటి నీరే ఉప్పుతో నిండి ఉంటే లోపలికి వెళ్లవలసిన తొందర నీటికి తగ్గిపోతుంది. సున్నపు గుణం ఉన్న గట్టినీరు ఇంకా నష్టం చేస్తుంది, పోగులను మరింత ముడివేసి బిగిస్తుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉప్పదనం ఉన్న బోర్లు ఎన్నో. అందుకే సంచి మీద ముద్రించిన అంకెను చూసి ఎవరైనా సంబరపడితే నాకు బాధ కలుగుతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానల నీరే ఈ పొడికి అసలైన తిండి. మన్ను పైపైన చల్లితే ఎండకు చెడిపోతుంది, వేళ్ల దగ్గర మన్నులో కలపాలి. ఎక్కువ వేస్తే ఉబ్బి మన్నునే పైకి నెడుతుంది.

మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. అమ్మను అడిగి కొత్త డైపర్ ఒకటి విప్పి, దూదిని కాగితం మీద విదిలిస్తే తెల్లని పలుకులు రాలుతాయి. మూడు గ్లాసులు తీసుకొని ఒకదానిలో డాబా మీద పట్టిన వాన నీరు, ఒకదానిలో బోరు నీరు, ఒకదానిలో చెంచాడు ఉప్పు కలిపిన నీరు పోయండి. మూడింటిలోనూ సమానంగా చిటికెడు పలుకులు వేసి, అరగంట తరువాత పలుచని గుడ్డలో వడగట్టి ఏది ఎంత ఉబ్బిందో తూచండి. చేతులు కళ్లకు, నోటికి తగలనీయకండి; మిగిలినదాన్ని కాలువలో పోయకుండా పొడిచెత్తలో వేయండి. వాన నీటి పక్కన బోరు నీరు ఎంతలో నిలిచిందో బరువులతో సహా నాకు రాయండి. ఇక్కడి మన బోరు నీటితో నేనూ తూచి ఉంచుతాను. వచ్చే ఏడు ఏ గుంతలో ఎంత పొడి వేయాలో తేల్చుకోవడానికి మీ బాబాయికి ఆ లెక్కలు కావాలి.

ఆశీస్సులతో,
తాతయ్య