స్తుతిలో లోపం ఉండబట్టే కార్యం జరగలేదా?

15 ఏళ్లుగా సంఘంలో ఆరాధన నడిపిస్తున్నాను. ఆదివారం అంతా అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడతారు. ఈమధ్య ఒక పెద్దావిడ వచ్చారు. "బాబూ, 40 రోజులు తెల్లవారుజామునే లేచి స్తుతించాను. అయినా మా ఆయన నాకు దక్కలేదు. నా స్తుతిలో లోపమేంటో చెప్పు" అన్నారు. ఆ లోపం మాట ఆమెది కాదు. పరామర్శకు వచ్చినవాళ్లెవరో అనేసి వెళ్లారు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. సరిగ్గా స్తుతిస్తే దేవుడు చేసి తీరతాడట! దీనికి అందరూ, చెరసాలలో పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్న పౌలు సీలలనే చూపిస్తారు. అపొస్తలుల కార్యములు 16 చివరిదాకా చదవండి. తలుపులన్నీ తెరుచుకున్నాక కూడా వాళ్లు బయటికి పోలేదు. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు చావడానికి కత్తి దూసుకుంటే "మేమందరం ఇక్కడే ఉన్నాం" అని ఆపారు. విడుదల కోసమే పాడినవాళ్లు అక్కడ ఆగుతారా? స్తుతించే గాయకులను ముందు పెట్టుకుని యుద్ధానికి వెళ్లిన యూదా రాజు యెహోషాపాతు సంగతీ అంతే. యుద్ధం మీది కాదు, దేవునిదే అన్న వాగ్దానం ముందు రోజే వచ్చింది. గాయకులు సైన్యం ముందు నడిచింది ఆ మాట నమ్మి.

అన్నిటికంటే ముఖ్యంగా, యేసు ప్రభువు కూడా పస్కా పండుగ రాత్రి శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడు. అక్కడ గెత్సేమనేలో, రాబోయే శ్రమ అనే గిన్నెను తొలగించమని ప్రార్థించాడు. గిన్నె తొలగిపోలేదు. ఆయన స్తుతిలో లోపం ఉందని ఎవరైనా అనగలరా?

దేవుడు స్తోత్రాల మీద ఆసీనుడు కాబట్టి గొంతు పెంచితే దిగివస్తాడన్నది ఇంకో అపోహ. ఆ వచనం 22వ కీర్తనలోది. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలయ్యే కీర్తన అది. జవాబు రాని మనిషి మాటల్లోంచి ఒక్క ముక్క తెంపి వాడుకుంటున్నాం.

డ్రమ్స్ ఉండాలా, పాత కీర్తనలే పాడాలా అన్న గొడవకు, తంబురతో, తాళాలతో స్తుతించమనే 150వ కీర్తన చాలు. చేతులెత్తనివాళ్లకు పరిశుద్ధాత్మ లేదనడం తప్పు, అంతే.

మరి స్తుతికి శక్తి లేదా? ఉంది. 73వ కీర్తనలో కీర్తనకారుడు ఆసాపు దుష్టుల క్షేమం చూసి కుమిలిపోయాడు. పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక దుష్టులేం మారలేదు, ఆయన చూపు మారింది. మా నాన్న పోయిన తర్వాతి ఆదివారం నేను పాట ఎత్తుకున్నాను, రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. మిగతాది సంఘమే పాడింది. నాన్న తిరిగి రాలేదు. కానీ ఆ రోజు నేను ఒంటరిగా లేను.

పెద్దావిడకు 88వ కీర్తన తీసి ఇచ్చాను. అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. మెల్లగా చదివి, "ఇది కూడా దేవుడి ముందు పాడేదేనా?" అని అడిగారు. "ప్రధాన గాయకుడికి అప్పగించిన పాటేనమ్మా" అన్నాను.

మరుసటి వారం ఆమె వచ్చి మూడో వరుసలో కూర్చున్నారు. పాడలేదు. "అందరూ లేచి చేతులెత్తి స్తుతించండి" అని ఆ రోజు నేను మైకులో చెప్పలేదు.