సింగపూర్‌లో రైలు పోయింది, దారి మిగిలింది

సింగపూర్ దీవి ఉత్తరపు అంచున ఉన్న వుడ్‌లాండ్స్ నుంచి దక్షిణాన తాంజోంగ్ పగార్ దాకా 24 కిలోమీటర్ల పాత రైలు దారి ఉంది. ఇప్పుడక్కడ జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. జానెడు నేలకు కూడా లెక్క చూసే ఆ నగరంలో ఇంత పొడుగు జాగా ఎలా దక్కింది? కారణం ఒక పాత భూమి తగాదా.

బ్రిటిష్ కాలంలో, 1903లో అక్కడ రైలు మొదలైంది. 1918లో రైల్వేను, దాని భూములను మలయా (ఇప్పటి మలేసియాలో భాగం) రాష్ట్రాల రైల్వేకు అప్పగించారు. కొంత భూమిని 999 ఏళ్ల లీజుకిచ్చారు. బుకిట్ తిమా మీదుగా ఇప్పుడున్న దారి, తాంజోంగ్ పగార్ స్టేషన్ 1932 నాటివి. 1965లో సింగపూర్ మలేసియా నుంచి విడిపోయి వేరే దేశమైంది. రైలు, దాని కింది నేల మాత్రం మలేసియా చేతిలోనే ఉండిపోయాయి.

1990లో అప్పటి సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ, మలేసియా ఆర్థిక మంత్రి దైమ్ జైనుద్దీన్ ఈ రైలు భూముల గురించి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. అయితే దాని అర్థం ఏమిటన్న దగ్గరే రెండు దేశాలూ ఇరవై ఏళ్లు పట్టుపట్టాయి. 1998లో సింగపూర్ తన పాస్‌పోర్టు తనిఖీని వుడ్‌లాండ్స్‌కు మార్చింది, మలేసియా తనిఖీ మాత్రం తాంజోంగ్ పగార్‌లోనే ఉండిపోయింది. దాంతో రైలెక్కిన మనిషి కాగితాల ప్రకారం సింగపూర్ దాటకముందే మలేసియాలో అడుగుపెట్టినట్టు లెక్క! చివరికి 2010 మేలో రాజీ కుదిరింది. మలేసియా వదులుకున్న రైలు భూములకు బదులుగా సింగపూర్ నగరంలోని మరీనా సౌత్, ఓఫిర్-రోచోర్‌ ప్రాంతాల స్థలాలు రెండు దేశాల ఉమ్మడి సంస్థకు దక్కాయి. 2011 జూన్ 30 రాత్రి ఆఖరి రైలును సరిహద్దు అవతల ఉన్న మలేసియా రాష్ట్రం జోహోర్ సుల్తానే స్వయంగా నడిపారు.

తగాదా తెగకపోవడం వల్లే ఆ భూమిలో అపార్ట్‌మెంట్లు లేవలేదని నా నమ్మకం. కానీ తగాదా తీరాక దాన్ని కాపాడింది జనమే. రైళ్లు ఇంకా తిరుగుతుండగానే, 2010 అక్టోబర్‌లో అక్కడి నేచర్ సొసైటీ ఈ భూమిని ముక్కలు చేయకుండా ఒకే పచ్చని బాటగా ఉంచమని ప్రభుత్వానికి ప్రతిపాదన ఇచ్చింది. పట్టాలు పీకి, భూమిని ప్లాట్లుగా కోశాక అడిగి ఉంటే లాభం ఉండేది కాదు. ఒకచోట తెగితే అది దారి కాదు కదా.

రైళ్లు ఆగాక 2011 జూలైలో కొన్నాళ్లు పట్టాల మీద నడవడానికి జనాన్ని అనుమతించారు. తర్వాత పట్టాలు చాలావరకు తీసేశారు, బుకిట్ తిమా దగ్గరి ఉక్కు వంతెనలను మాత్రం ఉంచారు. బాట ఒక్కసారిగా పూర్తవలేదు, మధ్య భాగం 2021లో తెరుచుకుంది. బాగుచేసిన బుకిట్ తిమా స్టేషన్ 2022లో జనానికి అందింది.