జడుసుకున్న మనిషి పిరికివాడు కాదు: అపోహలు, వాస్తవాలు

ఏటా అక్టోబరులో, టీవీలో అల్పపీడనం వార్త రాగానే, నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్న కొందరికి మళ్లీ నిద్ర కరువవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఒకాయన పిల్లల్ని బాత్రూమ్‌లో కూర్చోబెట్టి, తలుపుకి వీపు ఆనించి గంటలపాటు అలాగే ఉండిపోయారు. ఇప్పటికీ కిటికీ రెక్క కొట్టుకుంటే చాలు, ఆయన చెయ్యి దానంతటదే గడియ మీదకు పోతుంది. "మగాణ్ని, నాకింత భయమేంటండీ?" అని తల దించుకుని అడిగారు.

అపోహ: మనసు గట్టిగా లేనివాళ్లకే ఇలా అవుతుంది.

వాస్తవం: ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం, మనం ఆలోచించేలోపే ఒంటిని సిద్ధం చేసేస్తుంది. గుండె దడ, చెమటలు అందుకే. ఆ రోజును పోలిన శబ్దమో వాసనో తగిలితే మళ్లీ అదే జరుగుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. అక్కడి ఒకావిడ, పక్కింట్లో వేస్తున్న పెయింట్ వాసన తగలగానే పిల్లాణ్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తారు. అది పిచ్చి కాదు. బిడ్డను కాపాడిన పరుగు, ఒంటికి గుర్తుండిపోయింది.

అపోహ: నిజంగా భయపడితే అరిచేది, పారిపోయేది కదా!

వాస్తవం: ఈ మాట వల్ల జరిగే హాని ఇంతా అంతా కాదు. పోరాడటం, పారిపోవడం ఎలాగో, కొయ్యబారిపోవడం కూడా అలాగే భయానికి ఒళ్లిచ్చే జవాబు. గొంతు పెగలదు, కాళ్లు కదలవు. అది మనిషి ఎంచుకున్నది కాదు. లైంగిక దాడికి గురైన అమ్మాయిని "ఎందుకు అరవలేదమ్మా?" అని ఇంట్లోవాళ్లే అడిగితే, ఆ ప్రశ్న ఆమెకు రెండో గాయం. దయచేసి అడగకండి.

అపోహ: ఏడవలేదు, కాబట్టి తట్టుకుంది.

వాస్తవం: మొద్దుబారిపోవడం కూడా ఒక స్పందనే. కర్మకాండల పనులన్నీ చకచకా చేసిన మనిషి నెలల తర్వాత కుప్పకూలవచ్చు.

అపోహ: జరిగిందంతా వెంటనే కక్కించేస్తే బరువు తగ్గుతుంది.

వాస్తవం: బలవంతంగా చెప్పించకండి. ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. పక్కన కూర్చోండి, వేడిగా ఇంత తిండి పెట్టండి, వాళ్లు మాట్లాడితే వినండి. సొంతంగా నిద్రమాత్రలు కొనివ్వకండి. పెద్దవాళ్లు జడుపు అంటూ తాయెత్తు కడితే నేను కాదనను, కానీ అక్కడితో ఆగిపోవద్దు.

చాలామంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. పీడకలలు, ఉలిక్కిపడటం, ఆ చోటికి వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ, అంటే భయానక ఘటన తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య కావచ్చు. దానికి మంచి చికిత్సలున్నాయి. చావాలనే ఆలోచన వస్తే మాత్రం నెల ఆగకూడదు, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.