అక్షరాలు నేర్పే చేతిపనులు: అపోహలు – వాస్తవాలు

నా తరగతిలో ఒక నాలుగేళ్ల పాప అట్ట మీద గీసిన ‘మ’ నిండా గుండీలు అంటించింది. అరగంట సేపు కదలకుండా కూర్చుంది. ఒక్క గుండీ కూడా గీత దాటలేదు. “ఏమి చేశావమ్మా?” అని అడిగితే “గుండీలు అంటించాను” అంది. అది ఏ అక్షరమో అడిగితే మాత్రం నా ముఖంలోకి చూసింది. పాప తప్పేమీ లేదు, నేనిచ్చిన పనే అలాంటిది.

అపోహ: అక్షరం మీద ఏదో ఒకటి అంటిస్తే అక్షరం వచ్చేస్తుంది.

వాస్తవం: గుండీలు అంటించేటప్పుడు పిల్లలు చూసేది గుండీనీ, దాని పక్కనున్న ఖాళీనీ. ఈ మూల రెండు, ఆ మూల మూడు పెట్టుకుంటూ పోతారు. ఎక్కడ మొదలై ఎటు తిరగాలో చేతికి తెలియదు. అదే ‘మ’కు ఊలు దారం ఇచ్చి చూడండి. గీత వెంట బంక రాసి, దారం కొసను అక్షరం మొదలయ్యే చోట పెట్టి, వేలితో నొక్కుకుంటూ వంపుల వెంట తీసుకువెళ్లమనండి. తలకట్టుకు చిన్న ముక్క వేరుగా ఇవ్వండి. దారం మధ్యలో గంతులు వేయదు కాబట్టి చేయి కూడా వేయదు. అతికిస్తున్నంత సేపూ ‘మ’ అని పలికించండి. ఆరిన అట్టను దాచిపెట్టండి. మర్నాడు కళ్లు మూసుకుని, తడిమి, అక్షరం పేరు చెప్పే ఆటకు పనికివస్తుంది. 1907లో రోములో ‘బాలల గృహం’ పేరుతో తొలి బడి తెరిచిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలోనూ పిల్లలు గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడుముతూ వాటి ధ్వని పలుకుతారు.

మూడేళ్లలోపు పిల్లలకు గుండీలు, పూసలు అసలే వద్దు. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

అపోహ: చుక్కల మీద ఎంత దిద్దిస్తే రాత అంత బాగా వస్తుంది.

వాస్తవం: ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ చేసిన పరిశోధన 2012లో వెలువడింది. ఆంగ్ల అక్షరాలు కొన్నిటిని సొంతంగా రాయించారు, కొన్నిటిని దిద్దించారు, కొన్నిటిని కీబోర్డుపై నొక్కించారు. తరువాత ఆ అక్షరాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు బాగా స్పందించింది సొంతంగా రాసిన వాటికే. అది చిన్న పరిశోధనే కానీ, నేను తరగతిలో చూస్తున్నదీ అదే. ఒకటి రెండుసార్లు దిద్దించి ఆపేయండి. తరువాత ఇసుక పళ్లెంలో వేలితోనో, పలక మీద తడి స్పాంజితోనో సొంతంగా రాయనివ్వండి. వంకరగా వచ్చినా సరే.

అపోహ: ఏ పనైనా ‘అ’తోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: మన వర్ణమాలలో హల్లుల వర్గాలు పలుకు పుట్టే చోటును బట్టి కూర్చినవి. క-వర్గం గొంతులో మొదలై ప-వర్గం పెదవుల దగ్గరికి వస్తుంది. నోటికి ఇంతకన్నా మంచి వరస లేదు, వల్లె వేయించడం మానకండి. చేతికి మాత్రం ఆకారాల వరస కావాలి. బంకమట్టిని సన్నగా పాములా చేసి కొసలు కలిపితే సున్న. తలకట్టు పెడితే ‘ర’. మధ్యలో చుక్క పెడితే ‘ఠ’. ‘వ’కు కుడివైపు కొమ్ము తగిలిస్తే ‘మ’. పిల్లలు తికమకపడే ‘వ’, ‘ప’లకైతే మట్టిని మించిన సాధనం నాకు తెలియదు. తలకట్టు ఒంటిని అంటుకుంటే ‘వ’, విడిగా నిలబడితే ‘ప’. ఆ చిన్న ముక్కను తామే జరిపి చూసిన పిల్లలు తేడాను మరచిపోవడం నేను అరుదుగా చూశాను.

అపోహ: పక్కన బొమ్మ ఉంటే అక్షరం గుర్తుండిపోతుంది.

వాస్తవం: ‘ఏ’ పక్కన ఏనుగుకు రంగు వేయిస్తే గుర్తుండేది ఏనుగే. బొమ్మ అక్షరంలోనే ఇమడాలి. ‘ఉ’ వంపునే ఉడుత తోకగా మలిపించండి. అప్పుడు ఆకారం, ధ్వని ఒకేచోట కుదురుతాయి.

అపోహ: అక్షరాన్ని తిరగేసి రాస్తే లోపమున్నట్టే.

వాస్తవం: రాత మొదలుపెట్టే వయసులో అది మామూలే. ఏడేళ్లు దాటినా తగ్గక, చదవడం కూడా కష్టమవుతుంటే నిపుణులకు చూపించండి.

అపోహ: పట్టు కుదరాలంటే లావుపాటి పొడవు క్రేయాన్లు కావాలి.

వాస్తవం: ఉన్న క్రేయాన్‌నే బొటనవేలి పైకణుపంత ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్క పిడికిట్లో నిలవదు, వేళ్ల కొసలతోనే పట్టుకోవాల్సి వస్తుంది.